అల్పవ్యయముతో వంటయింటికి నూతనశోభ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ప్రసంగపాఠము)



ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమని తెలుగునాట సామెత కలదు. అయితే వచ్చినవారు చూచునది వసారాయును, ముందుగదియును; ఇల్లాలు దినములో అధికభాగము గడపునది వంటయిల్లు. సంక్రాంతికి ముందు ఇంటికి సున్నము కొట్టింతురు. వీధిగోడలకు రెండు పూతలు, అరుగులకు జాజు పట్టీలు తీరిన పిమ్మట, బక్కెటు అడుగున మిగిలిన పలుచని సున్నము వంటయింటికి దక్కును. అదియును పొయ్యి వెనుకటి మసిని కడుగకయే పూయుదురు. పండుగ వెళ్లిన నెలకే గోడ పచ్చబడును. వంటయిల్లన్న నింతే యని ఇంటివారు సరిపెట్టుకొందురు.

అట్లు సరిపెట్టుకొన నక్కరలేదు. వంటయింటి శోభ ధనముకంటె వరుసకు ఎక్కువ లోబడినది. ముందు చేయవలసినది ముందు చేసినచో స్వల్పవ్యయముతోనే గది మాఱిపోవును. వెనుక చేయవలసినది ముందు చేసినచో పెట్టిన ధనము మసిపాలగును. పొగకు దారి లేని గదిలో ఖరీదైన పింగాణీ పలకలు అతికించిన గృహములు కలవు. కొలదికాలములోనే వాని సందులు జిడ్డుతో నల్లబడి, వెనుకటి సున్నపుగోడయే మేలనిపించును.

ఈ వరుసలో మొదటి పని కానీ ఖర్చులేనిది. గదిని ఖాళీ చేయుట. సామానంతయు వాకిటికి చేర్చి చూచినచో, మూతలు పోయిన డబ్బాలు, చెవులు విఱిగిన జాడీలు, ఏండ్ల తరబడి దింపని అటకమీది గిన్నెలు బయటపడును. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములలో ఒకటి పాఠకుని కాలమును ఆదా చేయుటను గూర్చినది. అడిగిన పుస్తకము వెంటనే చేతికందుటకు గ్రంథాలయమున ప్రతి పుస్తకమునకును ఒక స్థానము ఏర్పఱతురు. వంటయింటికిని అదే న్యాయము. నిత్యము వాడు ఉప్పు, పోపులపెట్టె, నూనె పొయ్యివద్ద చేతికందునట్లుండవలెను. వారమున కొకసారి వాడునవి పై అరలో, పండుగలకు మాత్రము దించునవి అటకపై నుండవలెను. అక్కరలేనివి తొలగిన గది కొంత వెడల్పయినట్లు తోచును.

రెండవది పొగ. మసి గోడను చెఱచుటయే కాదు, అదే పొగ వండు మనిషి ఊపిరితిత్తులలోనికిని పోవును. కట్టెల పొగ దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధులకును, పసిపిల్లల న్యుమోనియాకును కారణమగునని నేటి వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది. ఈ విషయమున తెలుగుదేశమునకు గర్వింపదగిన చరిత్ర కలదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్. పి. రాజు పొగలేని వంటయిండ్లను గూర్చి 1953లోనే ఆంగ్లమున ఒక గ్రంథమును ప్రకటించిరి. ఆయన రూపొందించిన మట్టిపొయ్యిలో మంట ఒక పాత్ర క్రిందినుండి మఱియొక పాత్ర క్రిందికి సాగును. పొగ గొట్టముద్వారా కప్పుపైకి పోవును. తరువాత 1983లో మెఱుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమము, 1999లో ఆంధ్రప్రదేశమున దీపం పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినవి. వీనివలన అనేక గృహములకు గ్యాసుపొయ్యి చేరినది. అయినను సిలిండరు ఖరీదునకు వెఱచి అన్నమునకో, నీళ్లు కాచుటకో కట్టెలు వాడు ఇండ్లు నేటికిని ఉన్నవి. అట్టి ఇంట కట్టెలపొయ్యిని పెరటి పంచలోనికి మార్చుటయో, గొట్టము నమర్చి దానిని తఱచుగా మసి దులిపి శుభ్రపఱచుటయో చేయవలెను. గొట్టము మసితో పూడినచో పొగ మఱల గదిలోనికే తిరిగివచ్చును. గ్యాసు ఉన్నంత మాత్రమున కిటికీ మూయరాదు. పోపు ఘాటునకును, నూనె ఆవిరికిని దారి కావలెను. పొయ్యికి ఎగువన అరలుగాని, చెంతనే తెరలుగాని, ప్లాస్టిక్ కాగితముగాని అలంకారముకొఱకు పెట్టుట ప్రమాదము.

మూడవది వెలుగు. పెంకుటింటి కప్పులో రెండు గాజుపెంకులు వేయించినచో పగటిపూట దీపముతో పనియుండదు. డాబా ఇంట కిటికీకి అడ్డముగా పేర్చిన డబ్బాలను తీసివేసినను కొంత వెలుగు లోనికి వచ్చును. రాత్రివేళ దీపము వండువారి వీపువెనుక నున్నచో వారి నీడయే కూరలో పడును. కావున దానిని పొయ్యికి ఎదురుగనో ప్రక్కగనో అమర్చవలెను. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు పూర్వపు అరువది వాట్ల తీగబల్బుకు ఇంచుమించు సమానమైన వెలుగు నిచ్చును.

ఈ మూడును తీరిన పిమ్మటనే సున్నము. మసిగోడ తనపై బడిన వెలుగును మ్రింగివేయును. సున్నపుగోడ దానిలో అధికభాగమును గదిలోనికి త్రిప్పి పంపును. అందుచేత సున్నము అందముతోపాటు వెలుగును కూడ తెచ్చును. కాని మసిపై పూసిన సున్నము నిలువదు. జిడ్డు పచ్చని మరకయై పైకి తేలును. ముందుగా బూజు దులిపి, గట్టిగోడయైనచో బట్టలసోడా కలిపిన వేడినీటితో రుద్ది కడుగవలెను. మట్టిగోడను కడుగరాదు, మసిపట్టిన పొరను గీకి, క్రొత్తమన్నుతో మెత్తి, ఆఱనీయవలెను.

ఒక కిలో రాతిసున్నమునకు సుమారు ఐదు లీటర్ల నీరు చాలును. నీటిలో సున్నమును కొద్దికొద్దిగా వేయవలెనేగాని, సున్నముపై నీరు కుమ్మరింపరాదు. అది కుతకుత నుడికి చిందును. కంటబడినచో చూపునకే మోసము. పిల్లలను దూరముగా నుంచవలెను. ఒక దినము నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, వేడినీట కరగిన కొంచెము జిగురును, చిటికెడు నీలిమందును కలుపవలెను. గోడను తడిపి పాలవలె పలుచని పూత వేసి, అది ఆఱిన పిమ్మట రెండవది, ఆ పిమ్మట మూడవది వేయవలెను. తడిగా నున్నప్పుడు గోడ కనబడుచున్నదని తొందరపడి చిక్కగా పూసినచో పెచ్చులూడును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి క్రమముగా రాయిగా మాఱును, ఆఱినకొలది తెలుపెక్కును. నూనెరంగు పూసిన గోడపై సున్నము పట్టదు. పొయ్యి వెనుక మూడడుగుల మేర మాత్రము కడుగుటకు వీలైన నూనెరంగునో, నాలుగు పలకలనో వేయించి, తక్కిన గోడలకు సున్నము వాడినచో ఖర్చు అదుపులో నుండును.

అలంకారము కడపటిది. కడపరాతి పలక ఒకటి గోడలో పొదిగించినచో తరతరములు నిలుచు అర యగును. చింతపండుతో తోమిన ఇత్తడిచెంబులు నాలుగు దానిపై వరుసగా నిలిచినచో వేఱు బొమ్మ లక్కరలేదు. గడపకు పసుపు, కిటికీలో తులసియో కొత్తిమీరయో మొలచిన కుండ, ఇంతియే చాలును.

అయితే ఈ పనులన్నిటికిని ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. వంటయింటి మరమ్మతును నిర్ణయించువా రెవరు? మేస్త్రిని పిలుచునది యజమాని, బేరమాడునది యజమాని, గట్టు ఎత్తును నిర్ణయించునది మేస్త్రి అలవాటు. ఆ గట్టువద్ద ముప్పది యేండ్లు నిలువబోవు గృహిణిని ఒక్కమాట అడుగువా రరుదు. పొట్టిగట్టు నడుమును వంచును. పొడుగుగట్టు భుజములను లాగును. ఆమెను నిలువబెట్టి, మోచేతిని మడువుమని, దానికి నాలుగైదు అంగుళములు క్రిందుగా గోడపై గీత గీచుటకు బొగ్గుముక్క చాలును. ఖర్చులేని ఆ గీత గీయకపోవుటవలన ఎన్నియో నడుములు ఎన్నియో యేండ్లు నొచ్చుచున్నవి. ఇంటిలోని పురుషుడు ఒక్క వారము తానే వండి చూచినచో కిటికీ ఎక్కడ కావలెనో, అర ఎంత ఎత్తున నుండవలెనో ఎవరును చెప్పకయే తెలియును.

గ్రంథాలయ సభలో వంటయింటి ప్రసక్తి యేల యని కొంద రనుకొనవచ్చును. ప్రతి సాయంకాలమును పొగకు ఎఱ్ఱబడి నీరు కార్చు కన్నులు అక్షరములను చూడజాలవు. వెదకులాటలోను, తోముటలోను గడచిపోవు గంటలలో పుస్తకమునకు చోటు లేదు. వంటయింట మిగిలిన అరగంట గ్రంథాలయమునకు దక్కవచ్చును. గ్రామమున ఎన్ని వంటయిండ్లు తెల్లబడునో, పఠనమందిరమునకు అందఱు క్రొత్త పాఠకురాండ్రు వచ్చుటకు వీలు కలుగును. వచ్చు సంక్రాంతికి సున్నము కలిపినప్పుడు మొదటి బక్కెటు వంటయింటికిని, మిగిలినది వీధిగోడకును దక్కునుగాక.