ఆట ఎవరిది? తెర ఎవరిది?

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా వినుకొండలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు మొన్న మా ఇంటికొచ్చి, "మాస్టారూ, డి.ఆర్. గురించి, ఆరోగ్య కార్డుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు డ్రిల్లు మాస్టారు కదా, ఆటల గురించి నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. సరేనన్నాను. తీరా కూర్చుని ఆలోచిస్తే, ఈ రోజుల్లో ఆటల గురించి మాట్లాడటమంటే టీవీ గురించి మాట్లాడటమేనని తెలిసింది. టీవీ గురించి అంటే డబ్బు గురించి. కనుక ఈ పూట లెక్కలు కాస్త ఎక్కువుంటాయి. ట్రెజరీలోనూ, ఆడిట్‌లోనూ పనిచేసిన పెద్దలు ఇక్కడున్నారు, తప్పుంటే దిద్దండి.

సీతమ్మవారిని రావణుడు ఎత్తుకుపోయిన వార్త రాములవారు విన్న కొండ గనుక మన ఊరు వినుకొండ అయిందని పెద్దలు చెబుతారు. క్రికెట్ విషయంలోనూ మనం ముందు విన్నవాళ్ళమే. 1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి నేను ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని కూర్చున్నాను. గెలిచిన వాళ్ళకు బహుమతి ఇద్దామంటే అప్పుడు బోర్డు దగ్గర డబ్బు లేదు. లతా మంగేష్కర్‌గారు ఢిల్లీలో కచేరీ చేస్తే, వచ్చిన సొమ్ముతో ఆటగానికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు.

ఇప్పుడు ఇంకో లెక్క వినండి. 2022 జూన్‌లో ఐ.పి.ఎల్. ప్రసార హక్కులు వేలం వేశారు. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ళకు 48,390 కోట్ల రూపాయలు పలికింది. వేలంలో లెక్కించిన మ్యాచులు 410. అంటే మ్యాచికి 118 కోట్లు. మ్యాచికి 240 బంతులనుకుంటే బంతికి 49 లక్షలు. వైడ్లు, నోబాల్స్ నేను కలపలేదు.

లక్ష రూపాయల కోసం కచేరీ పెట్టుకున్న ఆట, బంతికి 49 లక్షల దాకా ఎలా వచ్చింది? ఒకప్పుడు ఆటను చూపించినందుకు బోర్డే దూరదర్శన్‌కు డబ్బు కట్టుకోవలసి వచ్చేది. 1993లో హీరో కప్పు వచ్చింది. సచిన్ చివరి ఓవర్లో మూడే పరుగులిచ్చి దక్షిణాఫ్రికా మీద మనల్ని సెమీఫైనల్ గెలిపించిన పోటీ అదే. ఫైనల్లో కుంబ్లే 12 పరుగులకు 6 వికెట్లు తీశాడు. బెంగాల్ క్రికెట్ సంఘం ఆ ప్రసార హక్కులను ఒక విదేశీ సంస్థకు అమ్మింది. ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది.

1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చింది. ఆ ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు. తీర్పు సారాంశం ఏమిటంటే, ఆకాశంలో ప్రయాణించే ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి. వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదు, డబ్బున్న ప్రైవేటువాళ్ళకూ ఉండరాదు.

ఈ రోజే ఈ మాట ఎందుకు చెబుతున్నానో మీకు అర్థమయ్యే ఉంటుంది. 1982లో ఇదే డిసెంబరు 17న నకారా కేసులో అదే సుప్రీంకోర్టు, పెన్షన్ యజమాని దయ తలచి వేసే ముష్టి కాదని, ఉద్యోగి హక్కని తేల్చింది. ఆ తీర్పు మనందరికీ కంఠతా వచ్చు. రెండో తీర్పు కూడా మనదేనన్న సంగతి మాత్రం మనం మరిచిపోయాం.

మా అమ్మాయి కొడుకు అమెరికాలో, కాలిఫోర్నియాలో చదువుకుంటున్నాడు. ఆదివారం ఉదయం ఫోన్ చేస్తాడు. అక్కడ శనివారం రాత్రన్నమాట. ఒకసారి ఫోన్లో ఒకటే గోల. "ఏమిటిరా ఆ కేకలు?" అంటే, "కాలేజీ ఫుట్‌బాల్ తాతయ్యా" అన్నాడు. అది మన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. విద్యార్థులు ఆడే ఆటే, కానీ మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలో 1,07,000 మందికి పైగా పడతారు. మన నాగార్జున విశ్వవిద్యాలయం అంతర కళాశాలల పోటీలకు పిల్లల్ని తీసుకెళ్ళి, చెట్టు కింద పులిహోర పొట్లాలు పంచిన నేను ఆ సంఖ్య విని నోరు తెరిచాను.

అక్కడ కళాశాలలు కూటములుగా ఏర్పడి ఆడతాయి. వాటిని కాన్ఫరెన్సులంటారు. ఎన్ని ఆటలు టీవీలో చూపాలో పూర్వం ఒక జాతీయ సంఘం నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దావా వేస్తే, 1984లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పెత్తనం చెల్లదంది. ఆ తరువాత ఎవరి ఆట వాళ్ళు అమ్ముకోవడం మొదలైంది. బిగ్ టెన్ అనే కూటమి 2022లో ఏడేళ్ళకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది. ఆ కూటమి పేరులో పది, లెక్కలో ఇప్పుడు 18.

పెద్ద చేప ఉన్నచోట చిన్న చేప ఏమవుతుంది? పసిఫిక్ తీరాన 1915లో పుట్టిన పాత కూటమి ఒకటుంది. తమకు నచ్చిన టీవీ ఒప్పందం కుదరక, 12 విశ్వవిద్యాలయాల్లో పది వెళ్ళిపోయాయి. 2024కు రెండే మిగిలాయి. పసిఫిక్ తీరంలోని స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ వెళ్ళి అట్లాంటిక్ తీరం పేరున్న కూటమిలో చేరాయి. "ఇప్పుడు పిల్లలు పోటీకని నాలుగు వేల కిలోమీటర్లు విమానంలో పోవాలి తాతయ్యా" అన్నాడు మా వాడు. ఇంత డబ్బు చేతులు మారుతున్నా, ఆడే కుర్రాళ్ళకు ఆ ఆదాయంలో నేరుగా వాటా ఇవ్వడానికి దారి తెరుచుకున్నది 2025లోనే.

మన దేశంలో అలా చీలిపోలేదు. ఐ.పి.ఎల్. జట్లన్నింటి ఆటనూ బోర్డు కలిపి అమ్మి, జట్లకూ, రాష్ట్ర సంఘాలకూ పంచుతుంది. ఇది మంచి పద్ధతి. ఇంకొక మంచి సంగతి మన పెన్షనర్ల చెవిన వేయాలి. సరిగ్గా ఆ వేలం జరుగుతున్న రోజుల్లోనే, 2022 జూన్‌లో, బోర్డు మాజీ క్రికెటర్ల పెన్షన్ పెంచింది. నెలకు 15,000 అందుకునే మాజీ ఫస్ట్‌క్లాస్ ఆటగాళ్ళకు 30,000 చేసింది. ఉద్యమం లేదు, ధర్నా లేదు, ఒక్కసారిగా రెట్టింపు! నవ్వకండి, మనకూ ఒక వేలం పెట్టించమని కార్యదర్శిగారిని అడుగుదాం.

రేపటి మాట వేరు. 2022లో టీవీ హక్కులు ఒకరు, మన దేశంలో ఇంటర్నెట్ హక్కులు మరొకరు పాడుకున్నారు. 2024 నవంబరులో ఆ రెండు సంస్థలూ ఒకటయ్యాయి. గుంటూరు మిర్చి యార్డులో పోటీపడి కొనే ఇద్దరు షావుకార్లు వియ్యమందితే రైతుకు ఏం ధర పలుకుతుందో మన పల్నాడు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2025లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది మంచిదే, కానీ ఆ కంపెనీల ప్రకటనల సొమ్మూ పోయింది. 2028 నుంచి కొత్త ఒప్పందం కావాలి. అప్పుడు ధర తగ్గితే ముందుగా కోత పడేది ఎక్కడ? పైన పడదు. అడుగున ఉన్న మైదానానికే పడుతుంది.

చూసేవాళ్ళ సంగతికొస్తే, 2007లో ఒక చట్టం వచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ఉన్న పోటీల ప్రసారాన్ని హక్కులు కొన్నవారు ప్రసారభారతితో పంచుకోవాలి. టీవీ ప్రకటనల ఆదాయంలో 75 శాతం వాళ్ళకు, 25 శాతం ప్రసారభారతికి. భారత జట్టు ఆడే వన్డేలు, టీ-20లు దూరదర్శన్‌లో ఉచితంగా రావడం దీనివల్లే. ఐ.పి.ఎల్. దీని కిందికి రాదు.

మన సంఘ సభ్యుడే, నా మిత్రుడు ఒకాయన పక్షవాతంతో మంచం పట్టారు. ఇంట్లో ఫ్రీ డిష్ ఉంది. 2024 జూన్ 29న టీ-20 ప్రపంచ కప్పు ఫైనల్ ఇద్దరం కలిసి చూశాం. బౌండరీ దగ్గర సూర్యకుమార్ ఆ క్యాచ్ పట్టినప్పుడు, మాట రాని ఆ మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మర్నాడు ఇంటికొచ్చాక అనుకున్నాను, ఆ 2007 చట్టం లేకపోతే ఆ రాత్రి ఆయన గోడ చూస్తూ పడుకునేవారు కదా అని. ఇప్పుడు ఆట టీవీ నుంచి ఫోన్లోకి జరిగిపోతోంది. చట్టం దూరదర్శన్ తెర దగ్గరే ఆగిపోతే, రేపు ఆయనలాంటి వాళ్ళ గతి ఏమిటి? ఈ ప్రశ్న మన పార్లమెంటు సభ్యులను అడగాలి. ఉత్తరాలు రాయడం మనకు కొత్త కాదు కదా!

చివరిగా నా తప్పు ఒకటి చెప్పి ముగిస్తాను. చాలా ఏళ్ళ క్రితం నా దగ్గర ఎడమచేత్తో బంతి వేసే కుర్రాడొకడుండేవాడు. జిల్లా ఎంపికలకు గుంటూరు పంపాలి. రానుపోను బస్సు ఛార్జీలు, ఒక జత బూట్లు, అంతే కావలసింది. మంజూరు కోసం కాగితం పెట్టి కూర్చున్నాను. మంజూరు వచ్చేసరికి ఎంపికలు అయిపోయాయి. నా జేబులోంచి ఇచ్చి పంపవలసింది. ఆ నెల మా అమ్మాయి ఫీజు కట్టాలని వెనకాడాను. అతను ఇప్పుడు ఎరువుల దుకాణం నడుపుకుంటున్నాడు. నేను ఆ దారిన వెళితే గల్లాపెట్టె ముందు నుంచి లేచి నిలబడి నమస్కారం పెడతాడు. అతను లేచినప్పుడల్లా నేను తలొంచుకుంటాను.

ఆ తరువాత రోజులు మారాయి. మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టుకు వైస్ కెప్టెన్. ప్రతిభకు మన దగ్గర కొరత లేదు. కొరతంతా ఆ మొదటి బస్సు ఛార్జీ దగ్గరే. వేల కోట్లు పైనుంచి కిందికి దిగి మన మైదానం చేరేలోగా పిల్లవాడి వయసు దాటిపోతుంది.

కనుక నా ప్రతిపాదన ఇది. మన సంఘం తరఫున ఒక చిన్న నిధి పెడదాం. తలకు నెలకు వంద రూపాయలు. పోటీలకు వెళ్ళే బడిపిల్లలకు ఛార్జీలు, బూట్లు. దరఖాస్తులు, మంజూర్లు వద్దు, వచ్చి అడిగిన రోజే ఇచ్చేద్దాం. మొదటి ఏడాదికి నా వంతు 1,200 రూపాయలు ఈ కవరులో తెచ్చాను, కోశాధికారిగారు తీసుకుని రసీదు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.

 విన్న కొండ మనది, విన్నదాన్ని ఊరికే వదలదని నా నమ్మకం. సెలవు.