లింగంపల్లి దాకా రైలు, పటాన్‌చెరు దాకా బస్సు – వాడ దాకా ఏది?

(పారిశ్రామికవాడ కూలీల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఇయ్యాల మనం బస్సు గురించి మాట్లాడుకుందాం. "కులం గురించి చెప్తరనుకుంటే బస్సు ముచ్చటేంది?" అని వెనక ఎవరో గొణుగుతున్నరు. మేం చెప్పేది కులం ముచ్చటనే. వినుండ్రి.

1901లో ఒక పిల్లగాడు మహారాష్ట్రల మసూర్ స్టేషన్‌ల రైలు దిగిండు. తొమ్మిది పదేండ్ల వయసు. వెంట అన్న, అక్క కొడుకులు. గోరేగావ్‌లో కొలువు చేసే తండ్రి దగ్గరికి పోవాలె. రాసిన ఉత్తరం తండ్రికి అందలేదు, తీసుకపోను ఎవరూ రాలేదు. స్టేషన్ బయట బాడుగ బండ్లు నిలబడి ఉన్నయి. పిల్లలు మహర్లని తెలిసినంక ఒక్క బండివాడూ ఎక్కించుకోలేదు. రెండింతల బాడుగ ఇస్తామంటే ఆఖరికి ఒకడు ఒప్పుకున్నడు. అదీ ఎట్ల? బండి పిల్లలే తోలుకోవాలె, తను పక్కన నడుస్తడు. ఆ పిల్లగాడే మన బాబాసాహెబ్ అంబేద్కర్. టికెట్ కొన్నంక రైలు ఎక్కించుకున్నది. రైలు దిగినంకనే కులం ఎదురొచ్చింది.

నూట ఇరవై ఏండ్లు దాటినయి. ఇయ్యాల మనను బస్సు దిగు అనే ధైర్యం ఎవరికీ లేదు. కానీ రైలుకూ మన గడపకూ నడుమ తొవ్వ ఇంకా అట్లనే ఉన్నది. మన కూలి ఆ తొవ్వల పోతున్నది. మన ఆడపిల్లల చదువు ఆ తొవ్వల పోతున్నది.

లెక్క చూద్దాం. ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 ఆగస్టుల మొదలై లింగంపల్లి దాకా వచ్చింది. 2019లో ఒక కొసను రామచంద్రపురం దాకా పొడిగించిన్రు. మెట్రో 2017 నవంబర్‌ల మియాపూర్ దాకా వచ్చి ఆగింది. 218, 219 నంబర్ల సిటీ బస్సులు పటాన్‌చెరు దాకా వస్తయి. 2024 మార్చి 5న ప్రధానమంత్రి మన సంగారెడ్డి జిల్లాకే వచ్చి, ఇక్కడి సభ నుంచే ఘట్‌కేసర్–లింగంపల్లి రైలుకు జెండా ఊపిండు. జెండా మన నేల మీద ఊగింది, రైలు మాత్రం లింగంపల్లిలనే ఆగింది. జిల్లా కేంద్రం సంగారెడ్డి పట్నానికి నేటికీ రైలు లేదు.

మన పని ఎక్కడ? పాశమైలారంల, బొల్లారంల, గడ్డపోతారంల, ఖాజీపల్లిల, బొంతపల్లిల. పెద్ద బస్సులు 65వ నంబర్ జాతీయ రహదారి పట్టుకొని ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం దాటి ఉరుకుతయి. ఫ్యాక్టరీ రోడ్డు దిగి లోపల. ఊరు ఇంకా లోపల. ఊరికి ఆవల మన వాడ. ఫ్యాక్టరీల విషం నక్కవాగుల కలిసి మన చేన్లదాకా తొవ్వ ఎరిగి వచ్చింది. ఫ్యాక్టరీ బస్సుకే మన వాడ తొవ్వ దొరకలేదు!

మొదటి షిఫ్టు పొద్దుగాల 6 గంటలకు. పర్మినెంటు ఉద్యోగికి కంపెనీ బస్సు. కాంట్రాక్టు కూలికి సొంత కాళ్ళు, లేకుంటే పదిమందిని కుక్కిన ఆటో. గేటు కాడికి లేటుగ పోతే సగం పూట కూలి కోత. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌ల కార్మిక సభ్యుడు. ఆ కాలంలనే, 1946లో, ఫ్యాక్టరీ పనిని వారానికి 48 గంటలకు తగ్గిస్తూ చట్టం సవరించిన్రు. ఎనిమిది గంటల పని కోసం నాలుగు గంటలు చౌరస్తాల నిలబడితే అది పన్నెండు గంటల పని కాదా? ఆ నాలుగు గంటలకు హాజరు లేదు, కూలి లేదు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల టికెట్ లేదు. మంచి పనే, కాదనం. కానీ సున్నా టికెట్ కొట్టాలంటే ముందు బస్సు రావాలె కద! మేమెరిగిన ఒక వాడల ఇంటర్ చదివే పిల్ల ఉండె. కాలేజీ నాలుగున్నరకు విడుస్తరు. వాళ్ళ ఊరి ఆఖరి బస్సు నాలుగింటికే పోతది. చీకట్ల నడిచి రాలేక నడిమిట్ల చదువు మానేసింది. ఆ పిల్ల పరీక్ష తప్పలేదు. బస్సు తప్పింది.

అడిగితే ఏమంటరు? డిపో వాళ్ళు "రైలు టైం మా చేతుల లేదు" అంటరు. జిల్లా బస్సు ఒక రీజియన్, సిటీ బస్సు ఇంకో రీజియన్. రైలు ఢిల్లీది, షిఫ్టు కంపెనీది. తలా ఒక గడియారం. కూలోని గడియారం ఎవరూ చూడరు.

కానీ చరిత్ర వేరే మాట చెప్తున్నది. ఈ నేల మీద సర్కారు బస్సు పుట్టిందే రైల్వే కడుపున. 1932 జూన్‌ల నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టిన్రు. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆర్టీసీకి మూలం అదే. ఒకే ఇంట పుట్టిన రైలూ బస్సూ ఇయ్యాల మాట్లాడుకోలేవా?

ఒక మాట గట్టిగ చెప్తున్నం. బస్సు రాలేదని డ్రైవర్, కండక్టర్ల మీదికి పోవద్దు. 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె చేసింది వాళ్ళే, వాళ్ళల్ల మన పిల్లలున్నరు. టైం షీటు వాళ్ళు రాయలేదు. కుర్చీల కూసున్నోళ్ళు రాసిన్రు.

మనం రాయలేమా? అమెరికాల మాంట్‌గోమరీ పట్నంల 1955 డిసెంబర్‌ల కుట్టుపని చేసే రోజా పార్క్స్ బస్సుల తన సీటు తెల్లోనికి ఇయ్యనన్నది. నల్లోళ్ళు 381 రోజులు బస్సెక్కలేదు. నడిచిన్రు. ఉన్న కార్లన్నీ జమచేసి, ఏ మూల ఎవరిని ఎక్కించుకోవాలో, ఎన్ని గంటలకో, వాళ్ళే ఏర్పాటు చేసుకున్నరు. పెద్ద చదువులున్న కొలువుదార్లు కాదు, ఇండ్లల్ల పాచిపని చేసే ఆడోళ్ళు ఆ పోరాటాన్ని కాళ్ళ మీద మోసిన్రు.

మనం చేయవలసింది ఇదీ. ప్రతి వాడల ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. చదువుకునే ఆడపిల్ల చేతికి ఇయ్యుండ్రి. పదిహేను రోజులు రాయాలె: బస్సు ఎప్పుడు రావాలె, ఎప్పుడొచ్చింది, ఎందరు నిలబడ్డరు, ఆటోకు ఎంత పోయింది. పక్కన మూడు షిఫ్టుల టైం, కాలేజీ టైం, లింగంపల్లి రైళ్ళ టైం రాయాలె. డిపో టైం షీటు కోసం 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలె. 30 రోజులల్ల జవాబు చెప్పక తప్పదు. గ్రామసభల తీర్మానం చేయించి, సోమవారం ప్రజావాణిల కలెక్టర్ ముందర పెట్టాలె.

అడిగేది నాలుగే. షిఫ్టుకు గంట ముందు బస్సు. రైలు దిగినోళ్ళకు అందే బస్సు. రాత్రి ఊర్లనే ఆగి తెల్లారి కదిలే నైట్ హాల్ట్ బస్సు. దొర గడి ముందర కాదు, మన వాడ మలుపు కాడ స్టాపు. కాంట్రాక్టు కూలీని కూడా కంపెనీ బస్సుల ఎక్కించుకోవాలని గేటు కాడ వేరే అడుగుదాం.

వచ్చే సభకు ఉత్త చేతులతోని రావద్దు. నోటుబుక్కులు పట్టుకొని రాండ్రి. పదూర్ల నోటుబుక్కులు ఒక్క బల్ల మీద పరిస్తే అదే మనం రాసిన టైం టేబుల్.

జై భీమ్!