నమోదును నమ్మకమును



మన సంఘసభ్యులలో నొకరు హైదరాబాదున చిరకాలము వాటాల దళారిగా పనిచేసి, విశ్రాంతి గైకొని, ఈ బెల్లంపల్లిలో నివసించుచున్నారు. వారికి స్తుతి రుచింపదు గనుక పేరు చెప్పము. ఇటీవల వారి మనుమరాలి సంబంధపు మాటలలో నొకరు "లైసెన్సు పోయినవారట గదా" యనిరి. మేమచ్చటనే యుండియు నూరకుంటిమి. సంబంధమట్లే యాగిపోయినది. ఆ మౌనమునకు ప్రాయశ్చిత్తమే యీ ప్రసంగము.

వాటా యనునది మన యూరికి క్రొత్త కాదు. మనకు కూడుపెట్టిన సింగరేణి 1920లో వాటాల కంపెనీగానే యేర్పడెను. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో నధికభాగమును కొనెను. హైదరాబాదు స్టాకు ఎక్స్ఛేంజి 1943లో స్థాపితమై, 1958లో కేంద్ర ప్రభుత్వపు గుర్తింపు పొందెను. మన మిత్రులు చేరిననాడు దాని సభ్యత్వమే చాలియుండెను. 1992లో సెబీ చట్టము వచ్చిన పిదప దళారులెల్లరును సెబీకడ నమోదు కావలసివచ్చెను. వారును నమోదైరి.

అటుపిమ్మట ఎక్స్ఛేంజీలు దళారుల చేతిలోనే యుండరాదనియు, నూటికి 51 వంతుల వాటాలు ఇతరులకు చెందవలెననియు నియమ మేర్పడెను. హైదరాబాదు ఎక్స్ఛేంజి గడువులోపల నట్లు చేయజాలక 2007 ఆగస్టులో గుర్తింపు కోల్పోయెను. చెట్టు కూలిన గూడు నిలుచునా? మన మిత్రుల నమోదును దానితో ముగిసెను.

నమోదు తనకుతాను సమర్పించినను ముగియును, ఎక్స్ఛేంజి మూతపడినను ముగియును, అపరాధమునకు శిక్షగా రద్దైనను ముగియును. కడపటిది మాత్రమే కళంకము. ఖాతాదారుల వాటాలను తాకట్టుపెట్టెనని తేలగా, హైదరాబాదులోని కార్వీ దళారిసంస్థ నమోదును సెబీ 2023లో రద్దుచేసెను. ఈ రెండింటిని ఒకే త్రాసున తూచుట ధర్మమా?

మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము వెంటనే వచ్చునది నిక్షేపము. పరుల సొమ్మును దాచి, అడిగిననాడు చెక్కుచెదరక యిచ్చుటయే దాని ధర్మము. మన మిత్రులు ఎవరి వాటాపత్రములు వారికి చేర్చి, లెక్క చెప్పి, సంతకములు గొన్న పుస్తకమును మేము కన్నులార చూచితిమి.

గనులలో చెమటోడ్చి విశ్రాంతినాటి సొమ్ము నందుకొను సోదరులారా! మనవాడనుమాత్రమున ధనమీయకుడు, సెబీ పట్టికలో వాని నమోదు సంఖ్యను చూడుడు. అట్లే నమోదు లేదనుమాత్రమున నొకని మానము తీయకుడు; అది యేల ముగిసెనో యడుగుడు. సంబంధము మాటలాడినవారును ఈ సభలోనే యున్నారు. ఇక మా మౌనము తీరినది.

స్వస్తి.