పరదేశమున స్వజనము

మన పల్లెలనుండి సముద్రములు దాఁటిపోయిన పిల్లలనుగూర్చి నలుగురు పెద్దలు కూర్చున్నచోట రెండే ప్రశ్నలు వినఁబడును. జీతమెంత? పెండ్లి యెప్పుడు? అక్కడ వానికెవరున్నారని యడుగువారు తక్కువ. ఆ మూఁడవ ప్రశ్నకు నాకుఁ దెలిసిన యొక సమాధానమును నేఁడు మీకు విన్నవించెదను.

గోదావరి సీమలో ముప్పదియేండ్లు తెలుఁగు పండితుఁడనుగాఁ బని చేసితిని. నాయొద్దఁ జదువుకొన్న శిష్యుఁ డొకఁడు పదునొకండేండ్లుగా హాలెండు దేశమునందలి ఆమ్‌స్టర్‌డామ్ నగరమునఁ గంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాఁడు. మా యమ్మాయి హేగు నగరమునఁ గాపురముండుటచేత నేను నిరుఁడు ఆ దేశమునకుఁ బోయి, యిరువది దినములు ఆ శిష్యుని యింట నుంటిని. అతఁడు పురుషుఁడై పురుషునే ప్రేమించు స్వభావము కలవాఁడు. ఇంగ్లీషున 'గే' యందురు. ఇది రోగము కాదనియు, ఉపదేశముచేత మాఱునది కాదనియు వైద్యశాస్త్రము నేఁ డంగీకరించుచున్నది. తన పేరును ఊరును విడిచి తక్కినదంతయుఁ జెప్పుఁడని యతఁడే నా కనుమతి యిచ్చెను.

ముందుగా ఆ నగరము సంగతి. తొమ్మిది లక్షలకుఁ బైఁబడిన జనము. అందు నూట డెబ్బదికి మించిన దేశములవారు. ఇట్టి ప్రేమ నేరమను శాసనము అచ్చట 1811 లోనే తొలఁగెను. అయినను 1911 లో వచ్చిన యొక నిబంధన ఇరువదియొక యేండ్లు నిండనివారివిషయమున దానిని మఱల శిక్షార్హముగాఁ జేసి, 1971 వఱకు నిలిచినది. 1946 లో ఇట్టివారు కొందఱు షేక్స్‌పియరు పేరు పెట్టుకొని యొక సంఘము స్థాపించిరి. అది నేఁటికిని పని చేయుచున్నది. 2001 ఏప్రిల్ 1వ తేది యర్ధరాత్రమున ఆ నగరపు మేయరు నాలుగు జంటలకుఁ దానే వివాహము జరిపించెను. ప్రపంచమున నట్టి శాసనబద్ధ వివాహములు అవియే మొదటివి. మన దేశమున 2018 సెప్టెంబరు 6వ తేది సుప్రీంకోర్టు నేరమను మాటను కొట్టివేసినది. వివాహముగా గుర్తించుటకు మాత్రము 2023 అక్టోబరు 17న సమ్మతింపలేదు.

ఇంత నీడ గల నగరమునకుఁ బోయినవానికిఁ గొఱఁత యేమని యడుగుదురు. చట్టము తలుపు తీయును. లోపలఁ బీట వేయువారు వేఱే యుండవలెను.

మొదటి మూఁడేండ్లును ఎట్లు గడచెనో యతఁడు నాతోఁ జెప్పెను. ఇట్టివారి పానశాలలు వరుసగా నున్న వీధి యొకటి గలదు. రెగులియర్స్‌ద్వార్స్‌స్ట్రాట్ అని పేరు. సాయంకాలము పోయిన నవ్వుచుఁ బలుకరించువారు పదిమంది. వాద్యముల హోరులో మాట వినఁబడదు. మఱునాఁడు వారెవరో, తానెవఁడో. ఫోనులోఁ బరిచయములు కలిపెడు యాపులు గలవు. వానిలోఁ గొందఱు ప్రీతిగా మాటాడిరి, కొందఱు మేనిరంగు చూచి యూరకుండిరి. తుదకు మంచివారు తగిలినది పరదేశీయులలోనే. బ్రెజిలు, ఐర్లాండు, లెబనాను దేశములనుండి వచ్చిన తనవంటివారు నలుగురు. ఆదివారములు కలిసి వండుకొనిరి, కాలువగట్లఁ దిరిగిరి. రెండేండ్లు నిండకమునుపే యొకని యుద్యోగము బెర్లినుకు మాఱెను, ఒకఁడు తల్లి జబ్బని స్వదేశము పోయెను, తక్కిన యిద్దఱును అట్లే. నాలుగు వీడ్కోలు విందులకును ఇతఁడే వండెను.

భారతమునందలి యక్షప్రశ్నలలోఁ బ్రవాసికి మిత్రుఁ డెవఁడను ప్రశ్న యున్నది. తోడి బాటసారులని ధర్మరాజు సమాధానము. అది బాటసారి సంగతి. గుంపు సాగిపోయిన పిదప నచ్చటనే నిలువఁదలఁచినవానికి మిత్రుఁ డెవఁడని యక్షుఁ డడుగలేదు.

తెలుఁగువారు లేరా యందురేమో. నగరమునకు దక్షిణమున నానుకొనియున్న ఆమ్‌స్టెల్‌వేన్ పట్టణమున భారతీయులు మిక్కిలిగా నున్నారు. ఉగాదికిఁ బచ్చడి, సంక్రాంతికి అరిసెలు, దేనికిని లోటు లేదు. ఇతని పులిహోరకు అక్కడఁ బెద్ద పేరు. అయితే వడ్డించుచుండఁగనే పిన్నిగారొకరు పెండ్లిసంబంధ మెత్తెడివారు. ఇతఁడు నవ్వి తప్పించుకొనెడివాఁడు. పులిహోర తిన్నవారిలో నొక్కరికిని తన సంగతి తెలియదు. సంగతి తెలిసినవారిలో నొక్కరికిని పులిహోర తెలియదు. అప్పటికే తండ్రికి ఉత్తరము వ్రాసి నిజము తెలిపియుండెను. ఆయన మాటాడుట మానెను. ఒక శీతకాలమున, నాలుగున్నరకే చీఁకటి పడుచుండఁగా, ఉద్యోగము వదలి వచ్చివేయుదునని టిక్కెట్టు కొనెను. తండ్రి ఫోను తీయలేదు. టిక్కెట్టు రద్దు చేసికొనెను.

ఇఁక ఆ దేశస్థుల పద్ధతి. భోజనవేళ గుమ్మమెక్కినవానిని మనము తినకుండఁ బోనిత్తుమా? అచ్చట సాయంకాల మాఱుగంటలకు భోజనము. ఆ వేళకుఁ బిలువక పోయినవాఁడు తప్పు చేసినట్లే. స్నేహితుని చూడవలెనన్నఁ బుస్తకము తీసి మూఁడువారముల తరువాతి తేది వ్రాసికొందురు. ఇది నిరాదరణమని యతఁడు మొదటఁ దలఁచెను. వ్రాసికొన్న దినమున వారు వానలోనైనను సైకిలెక్కి వత్తురని తరువాతఁ దెలిసినది. పుట్టినదినముల పట్టికను మఱుఁగుదొడ్డి గోడకుఁ దగిలించుకొందురు, నిత్యము కంటఁబడుటకఁట! ఆ పండుగనాఁడు కుర్చీలు వలయముగా వేసి, వచ్చిన ప్రతివాఁడును పుట్టినవానికే కాక వాని తల్లికిఁ దండ్రికిఁ బ్రక్కింటివారికిని అభినందనలు చెప్పుచుఁ జుట్టివచ్చును. ఆ గోడమీఁది పట్టికలోఁ బేరెక్కినవాఁడు వారిలో నొకఁడు.

భాష మఱియొక చిక్కు. అందఱికిని ఇంగ్లీషు వచ్చును గనుకఁ బరదేశి వారి డచ్చి భాష నేర్వకయే పదియేండ్లు గడపవచ్చును. కాని పదిమంది కూర్చున్న బల్లయొద్ద మూఁడు నిమిషములు మర్యాదకు ఇంగ్లీషు నడచి, నాలుగవ నిమిషమున డచ్చిలోనికి జాఱుదురు, హాస్యమంతయు నక్కడనే. నవ్వు అర్థము కానివానికి పంక్తిలో విస్తరి యున్నను భోజనము లేనట్లే. అతఁడు రాత్రిబడికిఁ బోయి రెండేండ్లు నేర్చెను. ఆ భాషలో ఉపవాక్యమునందుఁ గ్రియ చివర వచ్చునఁట. తెలుఁగువాని కది యేమి కష్టము?

అట్లు నేర్చి, తనవంటి పురుషులు కూడి పాడెడు గానబృందమునఁ జేరెను. వారమునకొక రాత్రి, ఏఁడాది పొడుగునను అదే గది, అవే ముఖములు. రామమందిరమున భజనలు పాడిన గొంతు గదా, పనికివచ్చెను. ఆఱునెలలవఱకు నెవ్వరును ఇంటికిఁ బిలువలేదు. పాట ముగిసినపిదపఁ గుర్చీలు మడఁచి గోడకుఁ జేర్చుట కితఁడు నిలిచెడివాఁడు. మఱియొకఁడు, బడిపంతులు, నిలిచెడివాఁడు.

ఒకనాఁడు సైకిలు చక్రము ట్రాము పట్టాల సందున దిగఁబడి, యితఁడు క్రిందఁబడఁగాఁ గుడిచేతి మణికట్టు విఱిగెను. ఇంట నొంటివాఁడు, అన్నము కలుపుకొనలేఁడు. బృందమువారు తమ పద్ధతి చొప్పున నొక పట్టిక వేసిరి: సోమవారము ఫలానావాఁడు, మంగళవారము ఫలానావాఁడు. మాంసము లేకుండఁ గాచిన బఠాణీల చాఱు తెచ్చిరి, బట్టలుదికిరి, చొక్కా బొత్తాములు పెట్టిరి. ఆఱువారములలో నొక్కదినమును తప్పలేదు. గురువారము బడిపంతులుది. చేయి కుదిరినను గురువారములు నిలిచిపోయినవి. నేను పోవునప్పటికి వారిరువురును నాలుగేండ్లుగా నొక యింటనే యున్నారు.

నన్నేమని పిలువవలెనని ఆ పంతులు నా శిష్యు నడిగెనఁట. 'మేష్టారూ' అనుమని యితఁడు చెప్పఁగా ఆయన యాశ్చర్యపడెను. వారి భాషలోను బడిపిల్లలు పంతులును 'మేస్తర్' అనియే పిలుతురు. కాఁబట్టి మా కిరువురకును ఒకే బిరుదము.

గడచిన యుగాదికి ఇద్దఱును కలిసి ఆమ్‌స్టెల్‌వేన్ పోయిరి. ఇద్దఱు ముగ్గురు పలుకరింపక లేచిపోయిరి. సంబంధ మెత్తిన పిన్నిగారు మాత్రము కొంతసేపు చూచి, "బాబూ, నీవును కూర్చో, వడ్డించెదను" అని డచ్చిపంతులుకుఁ దెలుఁగుననే చెప్పినదఁట.

తిరిగి వచ్చినపిదప వారి యూరు పోయి తల్లిదండ్రులను జూచితిని. తల్లి యడిగిన మొదటి మాట: "ఆ అబ్బాయికి మన కారము పడునా, మేష్టారూ?" మొదట నీళ్లు త్రాగెడివాఁడనియు, ఇప్పుడు గోంగూర యడిగి తినుచున్నాఁడనియుఁ జెప్పితిని. తండ్రి పత్రిక దింపలేదు. నేను లేచునపుడు, "వాని చేయి పూర్తిగాఁ గుదిరినదా?" అని యడిగెను. కుదిరినదనియు, చలిదినములలో సలుపు మిగిలియున్నదనియుఁ జెప్పితిని. నువ్వులనూనె కాచి రాత్రిపూట మర్దన చేయుమని వ్రాయుఁడని యాయన యనఁగా ఆ రాత్రియే వ్రాసి పంపితిని.