చైనా కవల పేటెంట్లు: ఒకటి పోయినా రెండోది బతికే ఉండొచ్చు

ఈరోజు టాపిక్ చైనా పేటెంట్లు. ఆగండాగండి, స్క్రోల్ చేసేయకండి! ఇందులో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఇంకొంచెమైతే మా ఫ్రెండ్ దాచుకున్న డబ్బంతా పోయేది.

మావాడు బైక్‌కి బిగించే ఫోన్ హోల్డర్ ఒకటి డిజైన్ చేశాడు. షెన్‌జెన్‌లో తయారు చేయిద్దామని ప్లాన్. పేటెంట్ తీసుకున్న దేశంలోనే చెల్లుతుంది కానీ, తయారీయే చైనాలో కాబట్టి అక్కడివి చూడాల్సిందే. "నువ్వు కంప్యూటరోడివి కదా, వెతికి పెట్టరా" అన్నాడు. వెతికాను. అచ్చం మావాడి క్లాంప్ లాంటిదే దొరికింది. స్టేటస్ చూస్తే ఓనరే స్వయంగా వదిలేసుకున్నాడు. "రూట్ క్లియర్ రా" అని చెప్పేశా.

నేను చూసింది యుటిలిటీ మోడల్. మన ఇండియాలో అలాంటిదే లేదు కాబట్టి నాకు తట్టలేదు. వస్తువు ఆకారం, నిర్మాణం వరకే ఇస్తారు. లోతుగా పరీక్షించరు, ప్రాథమిక పరిశీలనే కాబట్టి త్వరగా వచ్చేస్తుంది, 10 ఏళ్లు ఉంటుంది. ఇన్వెన్షన్ పేటెంట్‌కి పూర్తి పరీక్ష ఉంటుంది. రావడానికి ఏళ్లు పట్టొచ్చు, కానీ ఆయుష్షు 20 ఏళ్లు. రెండూ అప్లై చేసిన తేదీ నుంచే లెక్క. చైనా పేటెంట్ చట్టం 9వ ఆర్టికల్ ప్రకారం ఒకే అప్లికెంట్ ఒకే రోజు ఈ రెండూ వేసుకోవచ్చు. ఒకే ఆవిష్కరణకి రెండు హక్కులు ఉంచుకోకూడదు కాబట్టి, పెద్దది గ్రాంట్ అయ్యే టైమ్‌కి చిన్నదాన్ని వదులుకోవాలి. అర్థమైందా? "వదిలేశాడు" అని స్క్రీన్ మీద ఉందంటే, అంతకంటే గట్టిది చేతికొచ్చి ఉండొచ్చు!

రివర్స్‌లో కూడా జరుగుతుంది. ఇన్వెన్షన్ రిజెక్ట్ అయిందని మనం సంబరపడతాం. చిన్నది మాత్రం ఫీజు కట్టినంత కాలం, 10 ఏళ్లు నిండేదాకా బతికే ఉంటుంది.

మరి డేటాబేస్ ఎందుకు కలిపి చూపించలేదు? ఎస్పాసెనెట్ లాంటివి పేటెంట్ ఫ్యామిలీని ప్రయారిటీ చూసి కడతాయి. ఈ రెండూ ఒకే రోజు వేసినవి, ఒకదాని మీద ఇంకోటి ప్రయారిటీ అడగదు. కవల పిల్లలే, కాకపోతే రేషన్ కార్డులు వేరు. తర్వాత ఈ రెండిటి ప్రయారిటీతోనూ విదేశాల్లో అప్లై చేస్తే ఎక్స్‌టెండెడ్ ఫ్యామిలీలో కలవొచ్చు. చైనాలోనే ఆగిపోతే మనమే కలుపుకోవాలి.

నేను రెండ్రోజుల తర్వాత, అదీ ఊరికే, కంపెనీ పేరు చైనీస్ లిపిలో కాపీ చేసి, ఫైలింగ్ తేదీ అదే పెట్టి సెర్చ్ కొట్టాను. పబ్లికేషన్ తేదీ పెట్టకండి, అది రెండిటికీ వేరుగా ఉంటుంది. అప్లికేషన్ నంబర్‌లో మొదటి నాలుగంకెలు సంవత్సరం, ఐదో అంకె రకం: 1 అయితే ఇన్వెన్షన్, 2 అయితే యుటిలిటీ మోడల్. అంటే 201420తో మొదలైన దానికి కవల 201410తో మొదలవుతుంది. మిగతా అంకెలు మాత్రం ఊహించి కొట్టొద్దు, కలవవు. పెద్ద కంపెనీలు ఒకే రోజు బోలెడు వేస్తాయి, అప్పుడు ఇన్వెంటర్ పేర్లు, క్లాసిఫికేషన్ కోడ్ కూడా జోడించండి.

ఇంగ్లీష్ టైటిల్‌ని మాత్రం నమ్మొద్దు. మెషీన్ అనువాదంలో ఒకచోట క్లాంప్, ఇంకోచోట హోల్డర్ అయిపోతుంది. పైగా యుటిలిటీ మోడల్‌లో పద్ధతికి చోటు లేదు కాబట్టి, ఇన్వెన్షన్ టైటిల్‌లో "పద్ధతి" అని అదనంగా చేరొచ్చు. నాకైతే బొమ్మలే బాగా పనికొచ్చాయి. రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిస్తే ఫిగర్ 1 నుంచి చివరి దాకా సేమ్ టు సేమ్. క్లెయిములు మాత్రం విడిగా చదవాలి, హక్కు ఎంతవరకో తేల్చేది అవే.

దొరికిన దాంట్లో ఐదో అంకె 1. గ్రాంట్ అయింది, బతికే ఉంది.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేశా. మోల్డ్‌కి అడ్వాన్స్ తెల్లారి పంపాలనుకుంటున్నాడట! నాలుగు తిట్లు తిట్టి, ఆ క్లెయిములు ప్రింట్ తీసుకుని పేటెంట్ అటార్నీ దగ్గరికెళ్లాడు. ఇప్పుడు క్లాంప్ మళ్లీ మొదటి నుంచి గీస్తున్నాడు.