స్టువర్టుపురం: ఒక ఊరికి పెట్టిన పేరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రాంతపు ఊళ్ళ పేర్ల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. ఈ పత్తి, మిరప నేలల్లో పేర్లకు కొదవ లేదు. నరసరావుపేట మల్రాజు వంశపు జమీందారు పేరున వెలసింది. కొండవీటి సీమకు గోలకొండ నవాబుల కాలంలో ముర్తజానగర్ అని పేరుండేది. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఇవి చెప్పుకోవటానికి బాగానే ఉంటాయి. అయితే చెప్పుకోవటమే బరువైన పేరు కూడా ఒకటుంది. ఈ రోజు దాని సంగతే చెప్పదలచుకున్నాము.

మిరప కోతలకు కూలీలు వస్తే మనం ముందు అడిగేది "మీదే ఊరు?" అని. మనకది మామూలు మాట. "స్టువర్టుపురం" అని జవాబు చెప్పాల్సిన వాడికి మాత్రం అది మామూలు మాట కాదు.

బాపట్ల నుంచి చీరాల వెళ్ళే రైలు దారిలో ఉందీ ఊరు. ఇక్కడివారు ఎక్కువగా ఎరుకలవారు. బుట్టలు అల్లటం, ఎరుక చెప్పటం వారి వృత్తులని అందరికీ తెలుసు. ఇంకో వృత్తి సంగతి చాలామందికి తెలియదు. తీరంలో పండిన ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. ఊరూరా తిరగటమే వారి బతుకుతెరువు. తెల్లదొరలు ఉప్పు మీద పెత్తనం చేసి పన్ను పెంచారు. రైళ్ళు వచ్చాయి. 1899 నాటికి మద్రాసు నుంచి బెజవాడకు పట్టాలు కలిశాయి. ఇక గాడిద మీది ఉప్పు ఎవరికి కావాలి? దీనికి తోడు 1876-78 నాటి పెద్ద కరువు. బేరం పోయింది, తిరుగుడు మిగిలింది. అలా తిరిగేవాడిని సర్కారు దొంగ అన్నది.

1871లో నేరస్థ జాతుల చట్టం చేశారు. మొదట అది ఉత్తరాదికే. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక కులాన్ని నోటిఫై చేస్తే చాలు, అందులో పుట్టినవాడు తప్పు చేసినా చేయకపోయినా పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. వేలిముద్రలు తీస్తారు. హాజరు చెప్పాలి. పక్క ఊరు పోవాలన్నా చీటీ ఉండాలి.

అలాంటి వారిని ఒకచోట ఉంచటానికి 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించి ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. నెల్లూరు వైపు కావలి, కప్పరాళ్ళతిప్పల్లోనూ ఇలాంటివే వెలిశాయి. సంస్థవారు చదువూ పనీ నేర్పారు, ఆ మేలు కాదనలేము. కానీ పొద్దున్నే హాజరు పట్టీలో పిలిపించుకునే ఊరది. అప్పటి మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలిలో ఉన్న సర్ హెరాల్డ్ స్టువర్టు పేరు దానికి పెట్టారు. ఆయనే అంతకుముందు 1891లో మద్రాసు రాజధాని జనాభా లెక్కలకు సూపరింటెండెంటు. కులాలను లెక్క కట్టించిన దొర పేరే ఆ కులంవారి ఊరికి వచ్చిందన్న మాట. వారిని ఎవరూ అడగలేదు.

అక్కడికి దగ్గరలోనే 1921లో ఇంకో ఊరు పుట్టింది. చీరాల, పేరాలలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలమంది ఇళ్ళు ఖాళీ చేసి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊరు ఏడాది కూడా నిలవలేదు గాని, ఈనాటికీ గౌరవంగా తలచుకుంటాం. నూరేళ్ళు దాటి నిలిచిన స్టువర్టుపురాన్ని మాత్రం ఎలా తలుస్తున్నాం?

1952 ఆగస్టు 31న ఆ చట్టాన్ని దేశమంతటా రద్దు చేశారు. కాగితం చిరిగింది గాని పేరు చిరగలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు సినిమాలు వచ్చాయి, అందులో ఒకదాని పేరులో "దొంగలు" అన్న మాట కూడా ఉంది. అంతకుముందే, 1970ల నుంచి, లవణం గారు, జాషువా గారి అమ్మాయి హేమలత గారు ఆ ఊరి మనుషులతో కలిసి పనిచేశారు. వారు నమ్మింది ఒక్కటే: మనిషి పుట్టుకతో దొంగ కాడు.

సోదరులారా, ఈ సంగతి మన సంఘంలో ఎందుకంటారా? మనలో దూదేకుల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పత్తి పండే ఈ నేలలో దూది ఏకి పరుపులు కుట్టిన చేతులవి. మిల్లులు వచ్చి ఆ పని పోయింది, పేరు మిగిలింది. "పింజారి" అన్న మాటను పనివాడి పేరుగా కాక తిట్టుగా వాడేవాళ్ళను మనం వినలేదా? బడిలో ఆ మాట పడి ఇంటికొచ్చి ఏడ్చిన పిల్లలు మన ఇళ్ళల్లో లేరా? ఆ నొప్పి తెలిసినవాళ్ళం ఇంకొకరి ఊరి పేరును తిట్టుగా వాడవచ్చునా? చెడ్డ పేర్లతో ఒకరినొకరు పిలుచుకోవద్దని సూరహ్ హుజురాత్‌లో మనకు ఆజ్ఞ ఉండనే ఉంది.

కాబట్టి మేము కోరేది కొంచెమే. దొంగతనం జరిగితే "స్టువర్టుపురం వాళ్ళ పనే" అనే మాట మన ఇళ్ళల్లో పిల్లల ముందు అనవద్దు. ఆ ఊరి కుర్రవాడు గది అద్దెకు అడిగితే, పనికి వస్తానంటే, మనిషిని చూడండి, ఊరిని చూడకండి. మన సంఘం పుస్తకాలు, ఫీజుల సాయం చేసేటప్పుడు అటువంటి పిల్లవాడు వస్తే వెనక్కి పంపవద్దు.

ఊరికి పేరు ఏ దొరైనా పెట్టవచ్చు. ఆ పేరుకు మంచో చెడో అంటగట్టేది మాత్రం ఇరుగుపొరుగున ఉన్న మనమే. 2022లో జిల్లాలు మారాక స్టువర్టుపురం బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినంత తేలికగా మన నోటి మాట కూడా మారాలని కోరుకుంటున్నాము.