ఉన్నట్టుండి వచ్చు తలనొప్పి
(మెటియాబ్రుజ్ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను, ఫైళ్లు చూచువాడను. అయినను ఒక మిత్రుని మరణము నన్నీ విషయము తెలిసికొనునట్లు చేసినది. ఒక ఆదివారము స్నానము చేయుచు అతడు తల పట్టుకొని కూలబడెను. ఇంటివారు సొంఠిపట్టు వేసి పరుండబెట్టిరి. నొప్పి కొంత తగ్గెను. నాలుగవ దినమున మరల వచ్చి అతనిని తీసికొనిపోయెను.

మనము కూడిన ఈ మెటియాబ్రుజ్ పేరునకు మట్టి బురుజని అర్థము. మట్టిగోడ బలము తప్పినచోట ఉబ్బును. రక్తనాళపు గోడయు అట్లే ఉబ్బవచ్చును. దానినే ఎన్యూరిజమ్ అందురు. మెదడులో ఇది తరచుగా ధమని చీలుచోట పుట్టును. బట్ట కుట్టువద్ద ముందుగా చిరుగునని ఈ పేట దర్జీలకు చెప్పనక్కరలేదు గదా!

నూరుమంది పెద్దలలో సుమారు ముగ్గురికి ఇది ఉండవచ్చునని వైద్యుల అంచనా. వానిలో పెక్కు ఎన్నడును పగులవు. పగులని ఉబ్బు సాధారణముగా ఏ సూచనయు చూపదు. కొందరికి మాత్రము ఒక కనురెప్ప వాలును, వస్తువులు రెండుగా కనబడును, కంటి వెనుక నొప్పి పుట్టును. పగిలినచో, పిడుగు పడినట్లు, ఎన్నడు నెరుగనంత తలనొప్పి క్షణములలో వచ్చును. వాంతి, మెడ బిగియుట, వెలుతురు చూడలేకపోవుట, స్పృహ తప్పుట తోడుకావచ్చును.

అట్టి నొప్పి తగ్గినను నమ్మరాదు; నెత్తురు మరల కారవచ్చును. ఇది రేపు చూతమని ప్రక్కనబెట్టు కాగితము కాదు. స్వంతముగా మాత్రలు మ్రింగక, వెంటనే సి.టి. స్కాన్ గల ఆసుపత్రికి పోవలెను. ఈ నగరమున ప్రభుత్వపు బాంగుర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూరోసైన్సెస్ కలదు.

చికిత్స లేకపోలేదు. 1937లో అమెరికాలో డాక్టర్ వాల్టర్ డాండీ ఇట్టి ఉబ్బు మెడకు వెండి క్లిప్పు బిగించెను. నేడు తొడవద్ద రక్తనాళము నుండి సన్నని గొట్టము పంపి, ప్లాటినము తీగెచుట్టలతో ఉబ్బును పూడ్చు పద్ధతియు కలదు.

వయస్సు నలుబది దాటుట, స్త్రీగా పుట్టుట, మూత్రపిండములలో నీటితిత్తులు పెరుగు వంశవ్యాధి, ఇవి మన చేతిలో లేవు. తోబుట్టువులు, తలిదండ్రులలో ఇద్దరికి ఈ జబ్బు వచ్చియుండినచో వైద్యుని సలహా పొందవలెను. రక్తపుపోటును అదుపులో నుంచుట, సిగరెట్టు మానుట, మద్యము జోలికి పోకుండుట మన చేతిలోనివే.

నా మిత్రుని యింటివారు ప్రేమలో లోపము చేయలేదు. వారికి తెలియదు, అంతే. ఇపుడు మీకు తెలిసినది. ఇంటికి పోయి మరి నలుగురికి తెలుపుడు.